ఐ.పి. పెట్టినా ఇంట్లో దీపం వెలగాలి

అప్పుల్లో మునిగిన ఇల్లు అందరికంటే ముందు పాల కేంద్రం దగ్గరే తెలిసిపోతుంది. కోర్టు అమీనా గడప తొక్కకముందే, ఊళ్ళో నలుగురూ చెవులు కొరుక్కోకముందే, సంఘం కార్యదర్శి రాసే రిజిస్టరులో ఆ సంగతి కనిపిస్తుంది. నిన్నమొన్నటిదాకా పూటకు 6 లీటర్లు పోసిన సభ్యుడు 4 లీటర్లకు దిగుతాడు. వెన్న శాతం తగ్గుతుంది. దాణా బస్తా తీసుకువెళ్ళడం మానేస్తాడు. తరువాత ఒక పక్షం మధ్యలో వచ్చి, "ఈసారి బిల్లు కాస్త ముందుగా ఇప్పిస్తారా బాబూ?" అని మెల్లగా అడుగుతాడు. ఇంకో రెండు నెలలకు అతని నెంబరు ఎదుట గీత పడుతుంది. గేదెను అమ్మేశాడని అప్పుడు తెలుస్తుంది.

సంఘాల పర్యవేక్షణకు ఊళ్ళు తిరిగేటప్పుడు ఇలాంటి ఇళ్ళు కొన్ని చూశాను. దాదాపు అన్నిచోట్లా వరుస ఒకటే. పెద్ద బాకీలవాళ్ళ నోరు మూయించడానికి ఇంటివాళ్ళు చిన్న బిల్లులు ఆపుతారు. కరెంటు బిల్లు ఒక నెల, తరువాత రెండో నెల. దాణా సగానికి తగ్గిస్తారు. పెద్ద బాకీ ఒక్క రూపాయి తరగదు గాని, పాలు తగ్గిపోతాయి. ఆ ఇంటికి రోజూ వచ్చే డబ్బు అదొక్కటే కనుక, ఆ దెబ్బతో ఇల్లు ఇక లేవదు.

ఒక కుటుంబాన్ని ఊహించుకుని లెక్క వేద్దాం. రెండు గేదెలు, ఎకరంన్నర పొలం, ఇద్దరు పిల్లలు. బోరుకు, పెళ్ళికి, ఆసుపత్రికి కలిపి 6 లక్షల రూపాయల అప్పు. అందులో 3 లక్షలు ప్రోనోట్ల మీద నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చినవి. ఆ వడ్డీ ఒక్కటే నెలకు 9,000 రూపాయలు. పాల బిల్లు నెలకు 12,000 వస్తుందనీ, దాణాకూ మేతకూ 6,000 పోతుందనీ అనుకోండి. మిగిలే 6,000 తిండికే చాలవు, 9,000 వడ్డీ ఎక్కడినుంచి వస్తుంది? ఆ ఇల్లు లెక్కలో అప్పటికే దివాలా తీసింది. యజమానికి ఆ మాట ఒప్పుకోవడానికి ఇంకో ఏడాది పడుతుంది, అంతే. ఆ ఏడాదిలో ఏమి చేస్తారన్న దాని మీదే గేదెలు మిగలడం, మిగలకపోవడం ఆధారపడి వుంటుంది.

ఐ.పి. అంటే ఏమిటి?

మనవాళ్ళు "ఐ.పి. పెట్టాడు" అంటుంటారు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్న మాటకు అది పొట్టిపేరు. తన ఆస్తి అమ్మినా బాకీలు తీరవని, తనను దివాలాదారుగా ప్రకటించమని కోర్టును అడిగే దరఖాస్తు అది. ఇది 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద జరుగుతుంది. 2016లో పార్లమెంటు కొత్త దివాలా చట్టం చేసింది గాని, అందులో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ వున్నవారికి మాత్రమే అమలులో పెట్టారు. అందుచేత మన ఊరి రైతు కేసు పాత చట్టం కిందే నడుస్తుంది. బాకీలు 500 రూపాయలు దాటితే దరఖాస్తు పెట్టుకోవచ్చునని అందులో రాసి వుంది. నూరేళ్ళ కిందట 500 అంటే పెద్ద సొత్తు. ఇవాళ రాయితీ లేకుండా గ్యాసు బండ కూడా ఆ డబ్బుకు రాదు.

దరఖాస్తులో అప్పులన్నీ, అప్పిచ్చినవారి పేర్లన్నీ, వున్న ఆస్తి అంతా రాయాలి. కిరాణా కొట్టు బాకీ, కరెంటు పాత బకాయి, సంఘంలో దాణా బాకీ, బావమరిది దగ్గర తెచ్చిన చేబదులు - ఏదీ వదలకూడదు. కోర్టు దివాలాదారుగా ప్రకటించిన తరువాత అప్పులవాళ్ళు కోర్టు అనుమతి లేకుండా ఆస్తి మీద పడడానికి, కొత్త దావా వేయడానికి వీలులేదు. అరెస్టు కాకుండా రక్షణ ఉత్తర్వు కూడా అడగవచ్చు. ఆస్తి కోర్టు చేతికో, కోర్టు నియమించిన రిసీవరు చేతికో వెళుతుంది. ఆ తరువాత కోర్టు చెప్పిన గడువులోగా విడుదల కోసం మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. చాలామంది మరచిపోయేది ఇక్కడే. ఐ.పి. నోటీసులు పంపగానే పని అయిపోయిందనుకుని ఇంటికి వచ్చేస్తారు. గడువు దాటితే ప్రకటన రద్దవుతుంది, అప్పులవాళ్ళు మళ్ళీ గుమ్మంలో వుంటారు.

విడుదల ఉత్తర్వు వచ్చినా కొన్ని బాకీలు పోవు. ప్రభుత్వానికి కట్టవలసినవి, మోసం చేసి తెచ్చినవి, భార్యాబిడ్డల మనోవర్తి - ఇవి అలాగే నిలిచి వుంటాయి. మరొక సంగతి మన పల్లెల్లో ఎంతో బాధ తెచ్చిపెడుతున్నది: మీకు జామీను వున్నవాడు విడుదల కాడు. మీరు ఐ.పి. పెడితే ఆ బాకీ నేరుగా అతని నెత్తిన పడుతుంది. అతనూ మన సంఘంలో పాలు పోసేవాడే అయి వుంటాడు. ఇంటావిడ డ్వాక్రా సంఘంలో తీసుకున్న బాకీ సంగతీ ఇంతే, తోటి ఆడవాళ్ళు కట్టుకోవలసి వస్తుంది. కోర్టుకు వెళ్ళేముందు రోజు రాత్రి అయినా సరే, జామీనుదారు ఇంటికి వెళ్ళి సంగతి చెప్పి రావడం మర్యాద.

ఐ.పి.కి ముందు లోక్ అదాలత్ ఒకటుందని మరువకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్ళకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. 15100 నెంబరుకు ఫోను చేసి అడగవచ్చు. లోక్ అదాలత్‌లో ఇరుపక్షాలూ వడ్డీ తగ్గించుకుని వాయిదాలకు ఒప్పుకుంటే ఆ తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. నా మట్టుకు నాకు, బాకీలవాళ్ళు ముగ్గురు నలుగురే అయితే ఈ దారే మేలనిపిస్తుంది. పదిమంది పైబడి, ఒకరి మాట ఒకరు వినని పరిస్థితి వుంటే అప్పుడు ఐ.పి. మాట.

గేదెను, గిన్నెలను ఎవరు తీసుకుపోగలరు?

దివాలాదారు ఆస్తి అంతా పోతుందని భయపడనక్కరలేదు. సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను జప్తు చేయరానివని చెప్పిన వస్తువులు రిసీవరుకు కూడా దక్కవు. కట్టుకునే బట్టలు, వంటపాత్రలు, పడకలు అందులో వున్నాయి. వ్యవసాయదారుడైతే అతని పనిముట్లు, అతను ఉంటున్న ఇల్లు, బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించిన పశువులు, విత్తనాలు కూడా వున్నాయి. "కోర్టు భావించిన" అన్న మాట గమనించండి. గేదె దానంతట అది మిగలదు. దాని మీదనే ఇల్లు గడుస్తున్నదని మీరు అడగాలి, చూపాలి. ఏళ్ళ తరబడి పాలు పోసిన సంఘం పాసుపుస్తకం అప్పుడు సాక్ష్యంగా అక్కరకు వస్తుంది. దాన్ని చింపి పిల్లవాడి పుస్తకానికి అట్ట వేయకండి.

అయితే బ్యాంకు అప్పుతో కొన్న గేదె సంగతి వేరు. ఆ అప్పుకు గేదెనే తాకట్టు పెట్టి వుంటారు. తాకట్టు వున్న అప్పిచ్చినవాడి హక్కును ఐ.పి. ఆపదు. ఆ బ్యాంకుతో విడిగా మాట్లాడుకుని, వాయిదాలు తిరగ రాయించుకోవాలి.

ఇంకొక పొరపాటు చాలా ఇళ్ళలో జరుగుతుంది. కేసు వస్తుందని తెలియగానే గేదెలను బావమరిది కొట్టంలో కట్టేయడం, పొలాన్ని భార్య పేర రాయడం. దివాలా దరఖాస్తుకు ముందు రెండేళ్ళలో ఊరికే చేసిన బదలాయింపులను రిసీవరు కొట్టివేయించవచ్చు. అందరినీ వదిలి ఒక బాకీదారుకు మాత్రం మేలు చేయాలని ఇచ్చిన సొమ్ము, దరఖాస్తుకు ముందు మూడు నెలల లోపలిదైతే, అదీ చెల్లదు. ఆస్తి దాచినట్టు తేలితే ఏడాది దాకా జైలు. నిజం చెప్పి అడిగితే మిగిలే గేదె, దాస్తే పోతుంది.

విడుదల రాకముందు మీరు సంపాదించేది కూడా చట్టం ప్రకారం రిసీవరు లెక్కలోకే వెళుతుంది. మరి రోజు ఎలా గడవాలి? అందుకు అదే చట్టం 66వ సెక్షనులో దారి వుంది. కుటుంబ పోషణకు ఆస్తిలోంచి కొంత భత్యం ఇప్పించమని కోర్టును అడగవచ్చు. ఈ సెక్షను సంగతి చాలామందికి తెలియదు. అడిగేటప్పుడు "మా ఇంటికి నెలకు ఇంత కావాలి" అని కాగితం మీద చూపాలి గదా! కరెంటు రసీదులు, గ్యాసు బుక్కు, దాణా చీటీలు, పిల్లల బడి ఫీజు రసీదులు ఒక సంచిలో వేసి దాచుకున్న ఇంటికే ఆ లెక్క చూపడం చేతనవుతుంది.

కరెంటు బిల్లు

"ఐ.పి. పెట్టాం గదా, కరెంటువాళ్ళూ ఆగుతారులే" అని ఎవరైనా చెబితే నమ్మకండి. బిల్లు కట్టకపోతే సరఫరా ఆపే అధికారం వారికి 2003 నాటి విద్యుత్ చట్టం విడిగా ఇచ్చింది. పాత బకాయి జాబితాలో రాయండి, కొత్త బిల్లు మాత్రం నెలనెలా కట్టండి. ఇది పాటించిన ఇళ్ళు నిలబడ్డాయి.

ఆ చట్టమే వినియోగదారుకు కూడా కొంత రక్షణ ఇచ్చింది. కనెక్షను తీసే ముందు రాతపూర్వకంగా 15 పూర్తి రోజుల నోటీసు ఇవ్వాలి. బిల్లు తప్పని మీకు అనిపిస్తే, అభ్యంతరం తెలుపుతూ ఆ మొత్తంగాని, గడచిన ఆరు నెలల సగటు మొత్తంగాని, రెండింటిలో ఏది తక్కువైతే అది కడితే చాలు, తగాదా తేలేవరకూ సరఫరా ఆపకూడదు. రెండేళ్ళు దాటిన బకాయిని, మధ్యలో బిల్లుల మీద వరుసగా చూపుతూ రాకపోతే, వసూలు చేయరాదు. తాతల నాటి బకాయి అంటూ హఠాత్తుగా ఒక అంకె బిల్లులో దిగితే పాత బిల్లులు తీసి చూడండి. సమస్య సెక్షను ఆఫీసులో తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. 1912కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించి, నెంబరు రాసిపెట్టుకోండి.

బకాయి నిజమే, కట్టలేకపోతున్నారు. అప్పుడు లైన్‌మన్ నిచ్చెన వేసేదాకా ఆగకుండా ముందే ఆఫీసుకు వెళ్ళి వాయిదాలు ఇమ్మని కాగితం మీద రాసి ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. వాయిదాలు ఇవ్వడం వారి దయ, అడగడం మన పని. ఒకసారి కనెక్షను తీశాక నెలలు గడిస్తే సర్వీసునే రద్దు చేస్తారు. అప్పుడు కొత్త సర్వీసుకు మళ్ళీ డిపాజిట్టు, మళ్ళీ చార్జీలు. నాలుగు వందల బిల్లు నాలుగు వేల పని అవుతుంది.

కనెక్షను తీసినచోట రాత్రిళ్ళు తీగకు కొక్కెం తగిలించే ఇళ్ళూ వున్నాయి. అది దొంగతనం, మూడేళ్ళ దాకా శిక్ష వుంది. శిక్ష మాట అటుంచి, పశువుల పాక ఎప్పుడూ తడిగా వుంటుంది. మనిషికి చిన్నగా జివ్వుమనిపించే కరెంటు గేదెను పడగొడుతుంది. వానాకాలంలో పాక గుంజకు కరెంటు దిగి చూడిగేదె పోయిన ఇంటిని నేను చూశాను. ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

బిల్లు ఎలా పెరుగుతుందో తెలిస్తే తగ్గించడం తేలిక. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23లో నిర్ణయించిన గృహ రేట్లు చూడండి. మొదటి 30 యూనిట్లకు యూనిట్టు 1 రూపాయి 90 పైసలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4 రూపాయల 50 పైసలు, 225 వరకు 6 రూపాయలు. ఆ లెక్కన 75 యూనిట్లకు 192 రూపాయలు, 150 యూనిట్లకు 567 రూపాయలు. వాడకం రెట్టింపయితే బిల్లు మూడు రెట్లవుతుంది. పైన స్థిరచార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీలు వుండనే వుంటాయి. పొదుపు చేసే ప్రతి యూనిట్టూ పై శ్లాబులోంచే పోతుంది కనుక లాభం ఎక్కువ.

పాకలో రాత్రంతా వెలిగే 60 వాట్ల పాత బల్బు రోజుకు 10 గంటల లెక్కన నెలకు 18 యూనిట్లు తింటుంది. అదే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు 3 యూనిట్లు కూడా తినదు. ఇలాంటి పాత బల్బులు రెండు మార్చితే నెలకు 30 యూనిట్లు తగ్గుతాయి. 150 యూనిట్ల ఇల్లు 120కి వస్తుంది. 567 బదులు 394 రూపాయల 50 పైసలు. రెండు బల్బుల ఖరీదు రెండు నెలల్లోపే తిరిగి వస్తుంది. మేత నరికే మిషను 2 హార్సుపవరుదైతే రోజుకు అరగంటకే నెలలో 22 యూనిట్లవుతుంది. రెండు గేదెలే మిగిలిన ఇంటికి కత్తి చాలు, మిషను అవసరం లేదు. నీళ్ళ మోటారును మాత్రం తగ్గించకండి. పాలిచ్చే గేదె రోజుకు 60 లీటర్ల నీటికి తక్కువ తాగదు, నీరు తగ్గితే ఆ పూటే పాలు తగ్గుతాయి. ఇంట్లో స్విచ్చులన్నీ ఆపి మీటరు మీది ఎర్రదీపం చూడండి. అది ఇంకా మినుకుమంటూ వుంటే ఎక్కడో కరెంటు కారుతున్నదన్నమాట. మేస్త్రీని పిలిపించండి.

తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హత గల తెల్లకార్డు ఇళ్ళకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తున్నది. 200 దాటితే మాత్రం ఆ నెల మొత్తం బిల్లు కట్టవలసిందే. 2022-23 రేట్ల ప్రకారం 201 యూనిట్లకే వెయ్యి రూపాయలు దాటుతుంది. నెలాఖరున రెండు రోజులు మేత మిషను ఆపడం వలన వెయ్యి రూపాయలు మిగిలే సందర్భం ఇది. మీటరు రీడింగు పది రోజులకొకసారి గోడ మీద బొగ్గుతో రాసి చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల, తెగల ఇళ్ళకు 200 యూనిట్ల లోపు వాడకానికి రాయితీ వుంది. సర్వీసు ఇంకా పోయిన తండ్రిగారి పేర వుంటే ఇలాంటివి అందడం కష్టమవుతుంది. పేరు మార్పు చేయించుకోండి.

పొయ్యి

పాడి వున్న ఇంట్లో వంటచెరుకు కోసం అప్పు చేయడం నాకు ఎప్పుడూ వింతగానే వుంటుంది. రెండు గేదెలు రోజుకు సుమారు 30 కిలోల పేడ వేస్తాయి. 25 కిలోల పేడకు ఒక ఘనమీటరు గోబర్ గ్యాసు వస్తుందని లెక్క. ఒక ఘనమీటరు గోబర్ గ్యాసు దాదాపు 430 గ్రాముల వంటగ్యాసుతో సమానం. అంటే ఈ రెండు గేదెల పేడలో రోజుకు అరకిలో వంటగ్యాసు వుంది. నలుగురున్న ఇంటికి 14.2 కిలోల బండ నెలా పదిహేను రోజులు వస్తుందనుకుంటే, రోజు వాడకం అరకిలో కూడా కాదు.

అయితే దివాలా తీసిన ఇల్లు కొత్త ప్లాంటు కోసం అప్పు చేయకూడదు. విడుదల పొందని దివాలాదారు 50 రూపాయలు, ఆ పైన అప్పు తెచ్చుకుంటే, తాను దివాలాదారునని ముందు చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా శిక్ష. నేను చెప్పేది పాత ప్లాంట్ల మాట. 1981-82లో జాతీయ బయోగ్యాసు పథకం మొదలైన తరువాత మన ఊళ్ళలో వందలాది ఇళ్ళలో గోబర్ గ్యాసు గుంటలు తవ్వారు. గ్యాసు బండలు వచ్చాక వాటిలో చాలా చెత్తకుండీలయ్యాయి. తొట్టి పగలకుండా, డోము బీటలు వారకుండా వుంటే, పైపు, వాల్వు మార్చి, పేడ నీరు సమపాళ్ళలో కలిపి నింపితే రెండు మూడు వారాల్లో మంట వస్తుంది. ఒక్క జాగ్రత్త: శుభ్రం చేయడానికి గుంటలోకి మనిషి దిగరాదు. లోపలి వాయువు ఊపిరి ఆడనివ్వదు. గ్యాసు పోయాక మిగిలే ముద్ద పొలానికి మంచి ఎరువు. గుజరాత్ ఆనంద్ జిల్లాలోని జకరియాపురాలో ఆడవాళ్ళు పెరటి గోబర్ గ్యాసుతో వంట చేసుకుని, మిగులు ముద్దను సహకార పద్ధతిలో అమ్ముకుంటున్నారు. పాలు పోసినట్టే పేడముద్ద పోసి డబ్బు తీసుకోవడం అన్నమాట.

ప్లాంటు లేనివారు పిడకలు, కంది కట్టె, పత్తి కట్టె వాడుకుంటారు. నీళ్ళు కాచడానికి, పశువుల దాణాకు బయటి పొయ్యి, అన్నం కూరలకు గ్యాసు అని విడదీస్తే బండ ఎక్కువ రోజులు వస్తుంది. కొన్ని ఇళ్ళలో ఉలవలు గంటల తరబడి ఉడకబెట్టి గేదెకు పెడతారు. భరడుగా విసిరి రాత్రి నానబెట్టి పెట్టినా చాలును. పొగ ఆడవాళ్ళ కళ్ళనూ ఊపిరితిత్తులనూ తింటుంది కనుక కట్టెపొయ్యిని గాలి ఆడే చావడిలోనే పెట్టండి. పొదుపు పేరున ఇంటావిడను మూసిన వంటింట్లో పిడకల పొగకు వదిలేసి, తాను అరుగు మీద కూర్చునే యజమానితో నాకు పేచీ వుంది.

గ్యాసు రాయితీలు వదులుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 పథకం కింద 2024 నవంబరు నుంచి అర్హులకు ఏడాదికి మూడు బండలు ఉచితం. తెలంగాణలో 2024 ఫిబ్రవరి చివర మొదలైన పథకంలో అర్హులకు 500 రూపాయలకే బండ పడుతుంది. సొమ్ము బ్యాంకు ఖాతా ద్వారా వచ్చేచోట అది ఏ ఖాతాకు వస్తున్నదో చూసుకోవాలి.

పాల బిల్లు

ఖాతా మాట ఎందుకు ఎత్తానంటే, మొండిబాకీ వున్న బ్యాంకులోనే మీ పాల బిల్లు, గ్యాసు రాయితీ పడుతుంటే, బ్యాంకు ఆ సొమ్మును బాకీ కింద జమకట్టుకునే అవకాశం వుంది. పక్షం బిల్లు వచ్చిందని ఆశతో వెళితే ఖాతాలో సున్నా వుంటుంది. ఇంటి ఖర్చుకు వేరే బ్యాంకులో ఖాతా తెరచి, సంఘంలో ఆ నెంబరు ఇవ్వవచ్చు. గేదెల అప్పు తీసుకున్నప్పుడు పాల బిల్లు నుంచి కోత వేసుకోమని సంఘానికి రాసి ఇచ్చి వుంటే మాత్రం ఆ ఒప్పందాన్ని చాటుగా తప్పించకూడదు. బ్యాంకుతో మాట్లాడి కోత తగ్గించమని అడగాలి. ఐ.పి. వేసిన తరువాత ఖాతాలన్నీ కోర్టుకు చెప్పాలి.

బిల్లు చేతికి వచ్చిన రోజునే పంచాలి. ముందు దాణా. గేదెకు రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున, ఒంటి పోషణకు పైన కిలో కిలోన్నర. తరువాత బియ్యం, పప్పు, మందులు. ఆ తరువాత కరెంటు, గ్యాసు. వడ్డీవాళ్ళు ఆఖరున. కరెంటు బిల్లు నెలకొకసారి వస్తుంది, పాల బిల్లు పక్షానికొకసారి. అందుచేత ప్రతి పక్షమూ సగం చొప్పున తీసి, విడిగా ఒక డబ్బాలో వేస్తే గడువునాడు తడుముకోనక్కరలేదు. మన ఆడవాళ్ళు పోపులపెట్టెలో చేసే పని ఇదే. వాళ్ళ చేతికే ఈ లెక్క అప్పగించిన ఇళ్ళు మెరుగ్గా గట్టెక్కడం చూశాను.

"వడ్డీ ఆఖరున అంటే అవతలివాడు ఊరుకుంటాడా?" అని అడుగుతారు. ఊరుకోడు. అరుగు మీద కూర్చుని అరుస్తాడు. కాని అతని అరుపుకు గేదె పాలు తగ్గవు. దాణా ఆపితే తగ్గుతాయి. పాలు తగ్గితే అతనికీ రాదని ఒకసారి కూర్చోబెట్టి లెక్క చూపండి. కొందరైనా వింటారు.

సంఘాల పాలకవర్గాలకు కూడా ఒక మాట. ఐ.పి. పెట్టినవారి సభ్యత్వం గురించి, పదవుల గురించి సహకార చట్టాలలోనూ, మీ సంఘం బైలాలలోనూ నిబంధనలు వుంటాయి. సభ్యుడు కోర్టుకు వెళ్ళకముందే వాటిని చదివి వినిపించడం కార్యదర్శి పని. వెళ్ళి వచ్చాక "నీకు ఇక సభ్యత్వం లేదు" అని కేంద్రం దగ్గర నలుగురిలో అనడం అన్యాయం. వెన్న శాతం పడిపోయిన నెలలోనే పిలిచి, కేకలు వేయకుండా, "ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అని పక్కకు తీసుకువెళ్ళి అడగండి. దాణా బాకీని ఒకేసారి కోయకుండా నాలుగు పక్షాలకు పంచడానికి పాలకవర్గం తీర్మానం చేస్తే చాలు.

సభ్యుడు అడిగితే గడచిన మూడేళ్ళ పాల వివరాల నకలు సంఘం ముద్రతో ఇవ్వండి. లోక్ అదాలత్‌లో వాయిదాకు, కోర్టులో గేదె కోసం, 66వ సెక్షను భత్యానికి ఆ ఒక్క కాగితమే పనికి వస్తుంది. ఆ నకలు వెనుక కోర్టు ఇచ్చిన విడుదల దరఖాస్తు గడువు తేదీని పెద్ద అక్షరాలతో రాయించి, కరెంటు రసీదుల సంచిలోనే పెట్టించండి.